మెదడులో గడ్డకు ఆపరేషన్ అన్నారు: ముందు ఏం అడగాలి, ఎలా సిద్ధపడాలి

ప్రశ్న: మాది పాకాల. మా నాయనకు 61 ఏళ్లు. షుగర్ ఉంది. గుండెకు స్టెంట్ వేసి నాలుగేళ్లయింది, ఆస్పిరిన్ వాడుతున్నాడు. పోయిన వారం నిద్రలో ఫిట్స్ వచ్చాయి. ఎంఆర్ఐ తీస్తే ఎడమ ఫ్రంటల్ భాగంలో, అంటే నుదుటి వెనక, 4.2 సెంటీమీటర్ల గడ్డ ఉందని, చుట్టూ వాపు ఉందని, మెనింజియోమా కావచ్చని రాశారు. ఆపరేషన్ చేయాలంటున్నారు. తిరుపతిలో చేయించాలా, వేలూరు తీసుకుపోవాలా? నాయనకు ఇంకా చెప్పలేదు, నరాల వీక్‌నెస్ అన్నాం. తిరుమలలో గుండు మొక్కుకున్నాం, ఆపరేషన్‌కు ముందే ఇచ్చేయాలని అమ్మ పట్టు పడుతోంది. నేను బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాను. ఎన్ని రోజులు సెలవు పెట్టాలి?

సమాధానం: అమ్మా, నేను డాక్టర్‌ను కాదు. న్యూరోసర్జరీ వార్డులో, ఐసీయూలో చాలా ఏళ్లు సిస్టర్‌గా పనిచేసి రిటైర్ అయినదాన్ని. మందు మార్చమని, ఆపమని నేను చెప్పను. డాక్టర్ రౌండ్స్‌కు వచ్చి రెండు నిమిషాల్లో వెళ్ళిపోయాక, ఇంటివాళ్ళు మా దగ్గరికి వచ్చి అడిగే విషయాలన్నీ మాత్రం చెప్తాను.

మీరు ఊరి గురించి అడిగారు, గుండు గురించి అడిగారు, సెలవు గురించి అడిగారు. వాటికంటే ముందు సర్జన్‌ను అడగాల్సింది ఒకటుంది. "సార్, మా నాయనకు ఈ ఆపరేషన్ దేని కోసం?" తిక్క ప్రశ్నలా ఉంటుంది, గడ్డ తీయడానికే కదా అనిపిస్తుంది. కానీ మెదడు ఆపరేషన్లు అన్నీ ఒకటి కాదు. ఒకరికి గడ్డ మొత్తం తీసేసి జబ్బు నయం చేయడానికి చేస్తారు. ఇంకొకరికి గడ్డ ఏ రకమో తెలుసుకోవడానికి సూదితో చిన్న ముక్క మాత్రం తీస్తారు. మరొకరికి పూర్తిగా రాదని తెలిసే, ఒత్తిడి తగ్గించడానికి తీయగలిగినంత తీస్తారు. కొందరికైతే గడ్డను ముట్టుకోకుండా ముందు తలలో చేరిన నీరు బయటికి పోవడానికి షంట్ అనే సన్న గొట్టం వేస్తారు. ఏది ఎందుకో తెలిస్తే ఎంత రిస్క్‌కు ఒప్పుకోవాలి, ఎక్కడ చేయించాలి, తర్వాత ఏముంటుంది అనేవి వాటంతటవే తేలతాయి.

మీ రిపోర్టులో "ఎక్స్‌ట్రా యాక్సియల్" అని, "డ్యూరల్ టెయిల్" అని ఉందేమో చూడండి. గడ్డ మెదడు కండలో పుట్టలేదు, మెదడును చుట్టి ఉండే పొరల్లో పుట్టి మెదడును లోపలికి నొక్కుతోంది అని వాటి అర్థం. మెనింజియోమా అలాంటిదే. ఎక్కువ శాతం నెమ్మదిగా పెరిగేవి, క్యాన్సర్ కానివి. గ్లియోమా దారి వేరు. అది మెదడు కణాల్లోనే పుట్టి అన్నంలో కలిసిన నెయ్యిలా చుట్టూ కలిసిపోతుంది, అంచు దొరకదు. కాబట్టి ఊళ్ళో ఎవరో "మా బావకు బ్రెయిన్ ట్యూమర్ తీసినా ఏడాదిలో పోయాడు" అంటే ఆ గడ్డ పేరేమిటని అడగండి. పేరు తెలియకపోతే ఆ మాట మీ నాయనకు వర్తించదు.

ఇంకో మాట. ఎంఆర్ఐ చెప్పేది అనుమానమే, తీర్పు కాదు. మన దేశంలో టీబీ గడ్డలు, బద్దెపురుగు తిత్తులు కూడా ఫిట్స్ తెప్పిస్తాయి, స్కాన్‌లో ట్యూమర్‌లా కనపడి తికమక పెడతాయి. మీ రిపోర్టులో ఉన్నదాన్ని బట్టి ఆ అవకాశం తక్కువే. అయినా బయాప్సీ, అంటే తీసిన గడ్డ ముక్క పరీక్ష, వచ్చేదాకా ఎవరూ నూటికి నూరు శాతం చెప్పరు. "అనుకుంటున్నాం" అని డాక్టర్ అంటే తెలియక కాదు, నిజాయితీగా చెప్తున్నారని అర్థం.

నాలుగు సెంటీమీటర్లు దాటి, చుట్టూ వాపు ఉండి, ఫిట్స్ కూడా వచ్చాక "ఆరు నెలలు చూద్దాం" అని సాధారణంగా అనరు. చిన్న మెనింజియోమా వేరే పని మీద తీసిన స్కాన్‌లో బయటపడితే అలా చూస్తారు. అలాగని రేపే పరుగెత్తాల్సిన అవసరం కూడా చాలామందికి ఉండదు. షుగర్ అదుపులోకి తెచ్చుకోవడానికి, గుండె పరీక్షకు, రెండో డాక్టర్ మాట వినడానికి కొన్ని రోజులు దొరుకుతాయి. ఆ రోజులు ఎన్నో సర్జన్‌నే అడగండి. ఆషాఢం పోనీ, అమావాస్య దాటనీ అని వారాల తరబడి జరపొద్దు. ఆయన ఇచ్చిన రెండు మూడు తేదీల్లో మంచి రోజు చూసుకుంటే ఎవరూ కాదనరు.

ఈలోపు వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాల్సిన లక్షణాలు: ఆగని వాంతులు, లేపినా సరిగ్గా లేవనంత మగత, కొత్తగా చేయి కాలు పడిపోవడం, మాట తడబడడం, ఐదు నిమిషాలు దాటినా ఆగని ఫిట్స్, తెలివి రాకుండానే మళ్ళీ ఫిట్స్. 108కి ఫోన్ చేయండి. ఫిట్స్ వచ్చినప్పుడు పక్కకు తిప్పి పడుకోబెట్టండి, చుట్టూ తగిలే వస్తువులు తీసేయండి, టైం చూడండి. చేతిలో తాళాలు పెట్టడం, పళ్ళ మధ్య స్పూన్ దూర్చడం, నీళ్ళు పోయడం వద్దు. స్పూన్ పెట్టబోయి పళ్ళు ఊడిన పేషెంట్లను మేం చూశాం.

ఇక మందులు. నాకు తెలిసి ఇంటివాళ్ళు ఎక్కువగా పొరపాటు పడేది ఇక్కడే. మెదడు వాపుకు డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ ఇస్తారు. ఒకటి రెండు రోజుల్లోనే తలనొప్పి తగ్గుతుంది, చేయి తేలికవుతుంది, మనిషి లేచి తిరుగుతాడు. అప్పుడు ఇంట్లో "మందులకే తగ్గిపోయింది, ఇంక ఆపరేషన్ ఎందుకు" అంటారు. ఈలోపు ఎవరో నాటుమందు ఇచ్చి ఉంటే ఆ పేరంతా దానికే పోతుంది. తగ్గింది వాపు, గడ్డ అక్కడే ఉంది. ఈ మాత్రను ఉన్నట్టుండి ఆపకూడదు, డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. ఏదైనా తిన్నాకే వేయాలి. రాత్రి పొద్దుపోయి వేస్తే నిద్ర పట్టదు, కాబట్టి రోజులో చివరి మాత్ర ఎన్ని గంటలకు వేయాలో అడగండి. ముఖ్యంగా మీ నాయన విషయంలో, ఇది షుగర్‌ను బాగా పెంచుతుంది. ఇన్నాళ్ళూ మాత్రలతో అదుపులో ఉన్నవాళ్ళకు కూడా కొన్నాళ్ళు ఇన్సులిన్ పెట్టాల్సి రావచ్చు. భయపడొద్దు, ఇంట్లో గ్లూకోమీటర్ పెట్టుకుని రాసుకోండి. షుగర్ ఎక్కువగా ఉంటే కుట్లు మానవు, ఇన్‌ఫెక్షన్ పట్టుకుంటుంది.

షుగర్ మాత్రల పేర్లు అన్నీ మత్తు డాక్టర్‌కు చూపించండి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటివి ఉంటే ఆపరేషన్‌కు మూడు నాలుగు రోజుల ముందే ఆపమంటారు. ఆస్పిరిన్ రక్తాన్ని పలుచన చేస్తుంది కాబట్టి మామూలుగా వారం ముందు ఆపిస్తారు. కానీ స్టెంట్ ఉంది కదా, మీ అంతట మీరు ఆపొద్దు. గుండె డాక్టర్ చేత ఎప్పుడు ఆపాలి, ఎప్పుడు మళ్ళీ మొదలుపెట్టాలి అని కాగితం మీద రాయించుకురండి. ఆ కాగితం లేక ఆపరేషన్ వాయిదా పడడం మామూలే.

ఫిట్స్ మాత్ర ఒక్కపూట కూడా తప్పకూడదు. ఆపరేషన్ రోజు ఉదయం పరగడుపున ఉంచుతారు, ఘనాహారం కనీసం ఆరు గంటల ముందు ఆపేయాలి. అప్పుడు కూడా ఫిట్స్ మాత్రను గుక్కెడు నీళ్ళతో వేయమనే చెప్తారు, ఒకసారి అడిగి నిర్ధారించుకోండి. శనివారం ఉపవాసమని మాత్ర మానేసే పెద్దవాళ్ళుంటారు, మీ నాయన ఆ బాపతైతే ముందే మాట్లాడండి. లెవెటిరాసెటామ్ రాసి ఉంటే కొందరికి దానివల్ల చిరాకు, కోపం ఎక్కువవుతాయి. నాయన మీద విసుక్కోకుండా ఆ విషయం డాక్టర్‌కు చెప్పండి, మందు మార్చే వీలుంటుంది.

తిరుపతా, వేలూరా? పాకాల వాళ్ళకు ఈ తగవు ఎప్పుడూ ఉండేదే, రైలెక్కితే ఇటు తిరుపతి, అటు చిత్తూరు దాటి కాట్పాడి. మన దేశంలో మొదటి న్యూరోసర్జరీ విభాగం 1949లో వేలూరు సీఎంసీలోనే డాక్టర్ జాకబ్ చాండీ మొదలుపెట్టారు. చిత్తూరు జిల్లా వాళ్ళకు ఆ ఆసుపత్రి మీద నమ్మకం తాతల కాలం నుంచీ ఉంది, అది ఊరికే రాలేదు. తిరుపతిలో స్విమ్స్ ఉంది, న్యూరోసర్జరీ ఉంది, దేవస్థానం అండ ఉంది. మీరు బెంగళూరులో ఉన్నారు కాబట్టి నిమ్హాన్స్ అని కూడా ఎవరో ఒకరు అంటారు, అదీ పెద్ద సంస్థే.

నా అభిప్రాయం చెప్తాను. గడ్డ పుర్రె పైభాగాన, మెదడు ఉపరితలం మీద ఉంటే, ఇలాంటివి తరచూ చేసే టీం, మైక్రోస్కోప్, మంచి న్యూరో ఐసీయూ ఉన్న దగ్గరి ఆసుపత్రే మేలు. ఆపరేషన్ ఒక్కరోజు పని, తర్వాత కుట్లు, ఫిట్స్, స్కాన్లు, మందుల తగ్గింపు నెలల తరబడి ఉంటాయి. రాత్రి రెండు గంటలకు ఫిట్స్ వస్తే ఎంతసేపట్లో చేరగలమో అది లెక్క. గడ్డ పుర్రె అడుగున ఉంటేనో, నడినెత్తి కింద పోయే పెద్ద రక్తనాళాన్ని, అంటే శాజిటల్ సైనస్‌ను, పట్టుకుని ఉంటేనో పెద్ద కేంద్రంలో రెండో అభిప్రాయం తీసుకోవడం న్యాయం. దానికి మనిషిని తిప్పక్కర్లేదు చాలాసార్లు, ఎంఆర్ఐ సీడీ చాలు. ఫిల్ములు ఒక్కటే కాదు, సీడీ తప్పకుండా అడిగి తీసుకోండి. సీఎంసీకి వెళ్ళేట్టయితే ఇప్పుడు క్యాంపస్‌లు ఒకటికంటే ఎక్కువ ఉన్నాయి, అపాయింట్‌మెంట్ ఏ క్యాంపస్‌లోనో చూసుకుని బయలుదేరండి. రెండో అభిప్రాయం అడిగితే మొదటి డాక్టర్ నొచ్చుకుంటారేమో అని జంకొద్దు. మంచి సర్జన్లు వాళ్ళే వెళ్ళి చూపించుకోమంటారు. నాలుగో, ఐదో అభిప్రాయం కోసం తిరగడం మాత్రం నాకు నచ్చదు, అది భయం చేయించే పని.

డబ్బు సంగతి. రేషన్ కార్డు ఉంటే ఎన్టీఆర్ వైద్య సేవ, అంటే మన పాత ఆరోగ్యశ్రీ, గురించి అడ్మిషన్‌కు ముందే ఆసుపత్రిలో ఆ పథకం పనులు చూసే ఆరోగ్య మిత్ర దగ్గర మాట్లాడండి. అది నగదు లేని పథకం, ముందస్తు అనుమతి కావాలి. డబ్బు కట్టి చేరి తర్వాత కార్డు చూపిస్తామంటే ఇబ్బంది. వేరే రాష్ట్రంలో చేయించాలనుకుంటే ఆ ఆసుపత్రిలో ఈ ఆపరేషన్‌కు వర్తిస్తుందా అని 104కి ఫోన్ చేసి కనుక్కోండి. పేదవాళ్ళకు టీటీడీ ప్రాణదానం ట్రస్టు, ముఖ్యమంత్రి సహాయ నిధి కూడా ఉన్నాయి. ఆధార్, కార్డు, స్కాన్ రిపోర్టు నకళ్ళు నాలుగైదు సెట్లు ఒక ఫైల్లో పెట్టుకోండి.

గుండు గురించి అమ్మకు ఇలా చెప్పండి. ఆపరేషన్‌కు ముందు కత్తితో గీస్తే చర్మం మీద కంటికి కనపడని గాట్లు పడతాయి, వాటిలో క్రిములు చేరితే రేపు కుట్ల దగ్గర చీము పట్టే ప్రమాదం ఎక్కువవుతుంది. అందుకే ఇప్పుడు ఆసుపత్రుల్లో జుట్టు తీయాల్సి వస్తే ఆపరేషన్‌కు కాస్త ముందు క్లిప్పర్‌తో తీస్తారు, అదీ చాలామంది కోత పడే చోట ఒక పట్టీ వరకే. కళ్యాణకట్టలో తలనీలాలు ఇచ్చి మూడో రోజు ఆపరేషన్‌కు వస్తే సర్జన్ తల చూసి తేదీ మార్చవచ్చు. కుట్లు పూర్తిగా మాని, డాక్టర్ సరేనన్నాక ఇవ్వండి. మొక్కు ఎక్కడికీ పోదు. అలిపిరి మెట్లు ఎక్కే మొక్కు కూడా ఉంటే అదీ అప్పుడే, ఫిట్స్ వచ్చిన మనిషి 3,550 మెట్ల దారిలో పడితే పట్టుకునేవాళ్ళు ఉండరు. మోటార్ సైకిల్, బావిలో ఈత, చెట్టెక్కడం, ఒంటరిగా మోటార్ దగ్గరికి పోవడం ఇవన్నీ కూడా ఇప్పటి నుంచే బంద్.

నాయనకు చెప్పాలి. ఇందులో నేను మెతగ్గా మాట్లాడను. సంతకం ఆయన పెట్టాలి, తల ఆయనది. నరాల వీక్‌నెస్ అని తీసుకొచ్చిన మనిషి వార్డులో పక్క బెడ్ వాళ్ళ తలకట్లు చూసి అన్నీ అర్థం చేసుకుంటాడు. ఇంటివాళ్ళు అబద్ధం చెప్పారని ఇంకా భయపడతాడు. "తలలో పొర మీద ఒక గడ్డ ఉంది, ఫిట్స్ దానివల్లే, తీసేస్తే మంచిదంటున్నారు, క్యాన్సర్ కాకపోవచ్చంటున్నారు" అంటే చాలు. ఆయన అడిగినంత చెప్పండి. ఇంకో కారణం కూడా ఉంది. గడ్డ ఎడమ వైపు ఉంది, కుడిచేతి వాటం ఉన్నవాళ్ళకు మాట దాదాపు ఎప్పుడూ ఎడమ మెదడులోనే. ఆపరేషన్ తర్వాత కొన్నాళ్ళు మాట తడబడే అవకాశం ఉంటుంది. పాస్‌పుస్తకాలు ఎక్కడున్నాయి, ఎవరికి ఎంత ఇవ్వాలి, బ్యాంకు సంగతులు, ఫోన్ పాస్‌వర్డ్ ఆయన నోటితో ముందే చెప్పనివ్వండి. అపశకునం అనుకోవద్దు, మోకాలి ఆపరేషన్‌కైనా ఇది చేయాల్సిన పనే.

ఆపరేషన్ రోజు ఏం జరుగుతుందంటే, మత్తిచ్చాక తల కదలకుండా మూడు మేకుల బిగింపులో పెడతారు. తర్వాత నుదుటి దగ్గరో చెవి వెనకో చిన్న గాట్లు కనపడితే అవి వాటివే. చర్మం మడిచి, పుర్రె ఎముక ఒక పలకలా తీసి, పొర తెరిచి, మైక్రోస్కోప్ కింద గడ్డను లోపలి నుంచి ఖాళీ చేసుకుంటూ వస్తారు. డొల్ల అయ్యాక దాని గోడను మెదడు నుంచి మెల్లగా విడదీస్తారు. తర్వాత ఎముక పలకను చిన్న టైటానియం ప్లేట్లతో మళ్ళీ బిగిస్తారు. అవి ఉన్నా తర్వాత ఎంఆర్ఐ తీయించుకోవచ్చు. నాలుగు నుంచి ఎనిమిది గంటలు మామూలే, అందులో మత్తుకు, తల సర్దడానికే గంటకు పైగా పోతుంది. ఆలస్యమైతే ఏదో అయిందని అనుకోవద్దు. రక్తం ఇచ్చేవాళ్ళను ముందే మాట్లాడి పెట్టుకోండి.

మొదటి రాత్రి ఐసీయూలో గంటగంటకూ లేపి పేరు అడుగుతారు, చేయి పిసకమంటారు, కళ్ళలో లైటు వేస్తారు. నిద్రపోనివ్వరని కోప్పడకండి, రక్తస్రావమైతే ముందు తెలిసేది అందులోనే. రెండో మూడో రోజు కన్ను మూసుకుపోయేంత వాస్తుంది, మొహం గుర్తుపట్టలేనట్టు ఉంటుంది. ఇది చూసి ఇంటివాళ్ళు ఏడుస్తారు, వారంలో అదే తగ్గిపోతుంది. ఇంకొకటి ముందే తెలిసి ఉండాలి. ఫ్రంటల్ భాగంలో నడిమధ్యకు దగ్గరగా చేసిన ఆపరేషన్ల తర్వాత కొందరు మాట్లాడరు, కుడి చేయి కాలు కదపరు. పక్షవాతం అనుకుంటారు. చాలామందిలో అది వారాల్లో తిరిగి వస్తుంది, ఫిజియోథెరపీ మానకూడదు. మీ నాయన గడ్డ అలాంటి చోట ఉందా అని సర్జన్‌ను ఆపరేషన్‌కు ముందే అడగండి. "వస్తుందా" అని కాదు, "వస్తే ఎంతకాలం ఉంటుంది, పూర్తిగా పోతుందా" అని అడగండి.

ఇంటికి పంపించేది సాధారణంగా వారం లోపు. ఇంట్లో గమనించాల్సింది కుట్ల దగ్గర ఎరుపు, చీము, నీళ్ళు కారడం, ముక్కులోంచి తేటగా నీళ్ళు రావడం, జ్వరం, మెడ పట్టేయడం, ఒక కాలి పిక్క వాపు. ఏది కనపడినా ఫోన్ చేయండి, రివ్యూ తేదీ దాకా ఆగొద్దు. మలబద్ధకం రానివ్వకండి, ముక్కితే తలలో ఒత్తిడి పెరుగుతుంది. పసుపు, విభూతి, ఆకుల పసరు కుట్ల మీద పెట్టనివ్వొద్దు, చూడవచ్చిన ప్రతి అత్తా ఏదో ఒకటి చెప్తుంది.

డిశ్చార్జ్ కాగితంలో రెండు గ్రేడ్లు కనపడతాయి, అందరూ వాటిని కలిపేసుకుని హడలిపోతారు. సింప్సన్ గ్రేడ్ అనేది ఎంతవరకు తీశారో చెప్పేది, 1957 నుంచి వాడుకలో ఉన్న కొలత. 1 అంటే గడ్డతో పాటు అది అంటుకున్న పొరను కూడా తీశారని. డబ్ల్యూహెచ్‌ఓ గ్రేడ్ బయాప్సీలో వచ్చేది, గడ్డ స్వభావం చెప్పేది. అందులో 1 వస్తే ఎక్కువమందికి మధ్యమధ్య ఎంఆర్ఐ చూసుకుంటే సరిపోతుంది. 2 అయితే ఎంత మిగిలిందో చూసి రేడియేషన్ గురించి ఆలోచిస్తారు, 3 అయితే రేడియేషన్ ఇస్తారు. రక్తనాళానికి అంటుకున్న చిన్న ముక్కను కావాలనే వదిలేస్తే అది సర్జన్ చేతకానితనం కాదు, మనిషిని కాపాడడానికి చేసిన పని. బయాప్సీ రిపోర్టు వారం పది రోజులు పడుతుంది, ప్రత్యేక పరీక్షలు ఉంటే ఇంకాస్త. స్లైడ్లు, బ్లాకులు మీరు అడిగి తీసుకోవచ్చు. ఒకవేళ గ్లియోమా అని తేలితే రేడియేషన్, టెమోజోలమైడ్ అనే కీమో మాత్రల దారి వేరే ఉంటుంది, అది అప్పుడు మాట్లాడుకుందాం, ఇప్పుడే దాని గురించి ఫోన్‌లో వెతుకుతూ రాత్రులు పాడు చేసుకోకండి.

సెలవు సంగతి. అందరూ ఆపరేషన్ రోజుకు పెట్టి, మూడో రోజుకు అయిపోగొడతారు. ఆ రోజు మీరు చేయగలిగేది బయట కూర్చోవడమే. మనిషి నిజంగా కావాల్సింది ఇంటికి వచ్చాక మొదటి రెండు మూడు వారాలు: టైం ప్రకారం మాత్రలు, షుగర్ చూడడం, బాత్రూంకు తోడు, స్టెరాయిడ్ తగ్గింపు లెక్క. అమ్మ ఒక్కతే ఇవన్నీ చేయలేదు. ఆసుపత్రిలో రాత్రులకు తమ్ముడినో బావనో పెట్టండి, మీ సెలవులో ఎక్కువ భాగం డిశ్చార్జ్ తర్వాతకు దాచుకోండి.

ఎంఆర్ఐతో పాటు ఎంఆర్‌వీ, అంటే తలలోని సిరలు చూపే స్కాన్, తీశారా, రిపోర్టులో శాజిటల్ సైనస్ గురించి ఏమని రాశారో ఆ రెండు లైన్లు రాయండి. పేరు, ఐడీ నంబర్ కనపడకుండా పెట్టండి. రెండో అభిప్రాయానికి వెళ్ళాలా వద్దా అనేది దాన్ని చూశాక చెప్పడం తేలిక.